పెడల్ అడిగి కొన్న బూట్లు

నన్ను సగం ధరకు కొన్నారు. మెట్‌పల్లిలో మా ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలుసు, ఎందుకంటే దుబాయి నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా అన్న అది చెప్పకుండా ఉండడు. ఎందుకు సగమయిందో మాత్రం చెప్పడు. నేను చెబుతాను. కొత్త మోడల్ వచ్చింది, నా నారింజ రంగు ఎవరికీ నచ్చలేదు, దుకాణంలో నా సైజు ఒక్క జతే మిగిలింది. ఇలాంటి కారణాలతో తగ్గిన ధరకు భయపడనక్కర్లేదు. భయపడాల్సిన కారణం వేరే ఒకటుంది, అది తర్వాత.

అన్న అక్కడ పనిచేస్తాడు. తమ్ముడు ఇక్కడ రేంజర్ సైకిల్ మీద కాకతీయ కాలువ కట్ట పట్టుకుని తిరుగుతాడు. ఒక వానకాలం మొరం తోవలో హవాయి చెప్పు జారి పెడల్ పిక్కకు కొట్టింది. ఆ దెబ్బే నా రాకకు మూలం.

దుకాణంలో నా పక్కన ఇంకో జత ఉండేది. నాకంటే చవక, నాకంటే మెరుపు. అన్న చేయి ముందు దాని మీదికే పోయింది. కౌంటర్ దగ్గరి మలయాళీ ‘సైకిల్‌కు ఏ పెడల్?’ అని హిందీలో అడిగాడు. అన్న దగ్గర జవాబు లేదు. అప్పుడతను ఆ బూటు తిరగేసి అడుగున బోల్టులు బిగించే గాడి చూపించాడు. జపాన్‌లోని షిమానో కంపెనీ 1990లో కొండ సైకిళ్ల కోసం తెచ్చిన పద్ధతి అది. బూటు అడుగున చిన్న లోహపు ముక్క బిగిస్తే అది పెడల్‌లో టక్కున ఇరుక్కుంటుంది, మడమ పక్కకు తిప్పితే ఊడుతుంది. పోటీలకు పోయేవాళ్లకు అది వరమే. కానీ దానికి తగ్గ పెడళ్లు విడిగా కొనాలి. మామూలు పెడల్ మీద ఆ గట్టి అడుగు జారుతుంది. పెడళ్ల ఖర్చు కలిపి చూస్తే ఆ చవక జత నన్ను దాటిపోయింది.

నాది చదును అడుగు, పెడల్‌కు అతుక్కునే మెత్తని రబ్బరు. 1985లో అమెరికాలో మొదలైన ఫైవ్ టెన్ అనే కంపెనీ బండలెక్కేవాళ్ల కోసం ఇలాంటి రబ్బరు చేసింది. తర్వాత సైకిల్ వాళ్లు దాన్ని పట్టుకున్నారు. 2011లో ఆ కంపెనీని అడిడాస్ కొనేసింది. నేను ఆ ఇంటి బిడ్డను కాను, పేద చుట్టాన్ని. పట్టు ఉన్న రబ్బరు తొందరగా అరుగుతుందన్న మాట కూడా నిజమే. అందుకే నన్ను వేసుకుని కూరగాయలకు పోవద్దని నా మనవి. తమ్ముడు వినడు.

ఇక సైజు. తమ్ముడు సాయంత్రం పూట, అంటే కాళ్లు కాస్త ఉబ్బి ఉన్న వేళ, సాక్సులు వేసుకుని పేపర్ మీద నిలబడ్డాడు. అవ్వ పెన్సిల్‌తో చుట్టూ గీసింది. పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో దుబాయి చేరింది. అన్న ఆ సెంటీమీటర్లను నా లోపలి అట్టతో కొలిచాడు. ముందు వేళ్ల దగ్గర బొటనవేలి వెడల్పులో సగం ఖాళీ ఉంచాడు. నడుమ పట్టుకుని వంచి చూశాడు, నేను లొంగలేదు. వేళ్ల దగ్గర మాత్రం కాస్త వంగాను. అలాగే ఉండాలి మరి. నడుమ మెత్తనైతే పెడల్ అరికాలిలో గుచ్చుకుంటుంది. ముందు బిర్రుగా ఉంటే ఎత్తు మీద సైకిల్ నెట్టుకుంటూ నడిచేటప్పుడు మడమ ఊడివస్తుంది.

టైగర్ బామ్, ఖర్జూరాలు, పెద్ద బ్లాంకెట్ నడుమ కార్గో డబ్బాలో వచ్చాను. ధర వినగానే బాపు ‘గీ పైసలకు ఇంకో సైకిలే అచ్చుగదరా’ అన్నాడు. మొదటి రోజుల్లో బాపు మాటే నెగ్గేలా ఉండింది. తమ్ముడి సైకిల్‌కు అరిగిన ప్లాస్టిక్ పెడళ్లు. వాటి మీద నా రబ్బరు పట్టుకోవడానికి ఏమీ లేదు. చివరికి చిన్న చిన్న పిన్నులున్న లోహపు పెడళ్లు తెచ్చుకున్నాడు. సైకిల్ టాక్సీ దుకాణం ఆయన ముందు క్రాంకుకు, అంటే పెడల్ బిగించే కడ్డీకి, ఉన్న మర చూశాడు. ఒకే కడ్డీని వంచి చేసిన పాత క్రాంకులకు అర అంగుళం మర ఉంటుంది, మూడు ముక్కల క్రాంకులకు 9/16 అంగుళాలు. తమ్ముడిది రెండోది. ఎడమ పెడల్‌ను మామూలుగా తిప్పుతుంటే ఆయన ‘అది ఉల్టా మర, బిడ్డా’ అని నవ్వాడు. ఆ రోజు నుంచి గుంతల్లో సైకిల్ ఎగిరినా నేను పెడల్ వదల్లేదు.

ముసురు రోజుల్లో బురదతో వస్తే అవ్వ నన్ను కడిగి గోడ మీద ఎండకు పెట్టేది. ప్రేమే, కానీ మన ఎండకు జిగురు లేస్తుంది. లోపల పాత పేపర్లు కుక్కి నీడన పెడితే చాలు. కుడి బూటు ముందు భాగం అలాగే నోరు తెరిచింది. పాత బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే కాక లోపలి ధూళి గీకి, సొల్యూషన్ రాసి, ఆరనిచ్చి, అంచు వెంట మాత్రమే కుట్టాడు. నడిమధ్య సూది దించితే నీళ్లు లోపలికి పోతాయట.

భయపడాల్సిన కారణం అన్నాను కదా, అది వయసు. బావ, అంటే వదిన తమ్ముడు, ఎక్కడో భారీ తగ్గింపులో ఒక జత కొని బీరువాలో దాచుకున్నాడు. తీసి తొక్కిన మొదటి రోజే అడుగు పొడిపొడిగా రాలింది. పాలీయురేథేన్ నురుగుతో చేసిన అడుగు గాలిలోని తేమకు వాడకపోయినా కుళ్లుతుంది. నాది ఈవీఏ నురుగు. నాకా రోగం లేదు, కాకపోతే తొక్కీ తొక్కీ పలచబడతాను. చాలా బూట్లకు నాలుక కింది చీటీ మీద తయారైన నెల ఉంటుంది. పెట్టె మీది తగ్గింపు కంటే ముందు దాన్ని చదవాలి.

ఇప్పుడు బావ నాలాంటి జత కావాలని దుబాయికి ఫోన్ చేశాడు. అన్న ‘ముందు పెడల్ ఫోటో పెట్టు బామ్మర్దీ, రంగు సంగతి ఎన్కకు’ అన్నాడు. బావ పెడల్ ఫోటోతో పాటు పొద్దున్నే గీసిన ఒక్క కుడికాలి బొమ్మ పంపాడు. ఎడమకాలు పెద్దదైతే ఏం చేస్తావని తమ్ముడు అతన్ని సాయంత్రం మళ్లీ రమ్మన్నాడు.