బావగారి ఎర్రపెన్ను

మా బావగారి చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి. నీలంది సంతకాలకి, ఎర్రది లోకానికి. టిఫిన్ సెంటర్‌లో కూర్చుంటే ఆకలికంటే ముందు ఆయన కళ్లు గోడమీది బోర్డు చదువుతాయి. ‘‘మసాలాలో దీర్ఘం లేదయ్యా’’ అంటారు సర్వరుతో. ఏదో తక్కువైందన్నమాట ఒక్కటే అర్థమై, ఆ కుర్రాడు దోసెలో ఇంకో గరిటె కూర వేయించుకొస్తాడు.

నా పెళ్లి శుభలేఖ ప్రూఫు ఈయన చేతిలో పెట్టిన మహానుభావుడు మా నాన్న. ఇంటి అల్లుడు అడిగితే ఇవ్వనని ఎలా అంటారు? ‘ఆహ్వానించువారు’ పక్కన ఏ గుర్తు పెట్టాలో ఆయన తేల్చేసరికి ప్రెస్సువాడి చేతిలో వేరే మూడు పెళ్లిళ్ల పని పడింది. దూరపు చుట్టాలకి మా శుభలేఖలు మేం సత్యనారాయణ వ్రతం చేసుకున్నాక అందాయి. అందుకున్నవాళ్లందరూ అచ్చుతప్పు ఒక్కటీ లేదని మెచ్చుకున్నారు. నేనా సంగతి మరిచిపోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతారు. ఇలాంటివారు ప్రతి కాలేజీలోనూ ఒకరుంటారు, మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటారు. పరిశోధన చేసిన మనిషే, డేటా ఉన్న మనిషే, పేపరు మాత్రం ఎప్పుడూ ‘చివరి చూపులో’ ఉంటుంది. మా బావగారి విషయం మినుముకి వచ్చే పల్లాకు తెగులు. కృష్ణా డెల్టాలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు మాగాణి తడిలోనే మినుములు చల్లుతారు కదా, ఆ చేలల్లో తెల్లదోమ ఎప్పుడు దిగుతుంది, ఏ రకం ఎంత తట్టుకుంటుంది అన్నది ఆయన లెక్క. పొలం గట్లమీద ఎండలో తిరిగి, ఆకులు తిరగేసి దోమలు లెక్కపెట్టారు. ఆ పనిలో ఆయనకి వంక పెట్టలేం. ఆ లెక్కల్ని ఇంగ్లీషులో పేపరుగా రాయడం మొదలుపెట్టినప్పుడు మా మేనకోడలు పలకమీద అక్షరాలు దిద్దేది. ఇప్పుడది ఇంటర్ చదువుతోంది. వాళ్ల నాన్న ఇంకా దిద్దుతూనే ఉన్నారు.

నేను పత్రికలో డెస్కుమీద పనిచేస్తాను. ఒకరు రాసింది దిద్దితే నెల తిరిగేసరికి నాకు జీతం వస్తుంది. ఈ సంగతి బావగారికి తెలుసు. అందుకే పండక్కి వెళ్లినప్పుడల్లా అరిసెల పళ్లెంతోపాటు పేపరు ప్రింటవుటూ వస్తుంది. ‘‘స్పెల్లింగులు మాత్రం చూడవోయ్, మిగతాది ముట్టుకోకు.’’ ముట్టుకోకుండా ఎలా? తెల్లదోమ ద్వారా తెగులు వ్యాప్తి చెందించబడుతున్నట్లుగా గమనించబడినదని చెప్పబడవచ్చును అనే అర్థం వచ్చేలా మూడు లైన్ల వాక్యం రాస్తారు. తెల్లదోమ తెగులును వ్యాపింపజేస్తుంది అని నేను కుదిస్తాను. మర్నాడు కాఫీ వేళకి పాత వాక్యం మళ్లీ తన స్థానంలో కూర్చుని ఉంటుంది. ‘‘మీ పేపరోళ్ల ఇంగ్లీషు వేరోయ్. సైన్సులో ఎవరూ ఏ పనీ చెయ్యరు. అన్నీ చెయ్యబడతాయి.’’ నాకు ఒళ్లు మండుతుంది. నా కాపీలో ఇంకెవరైనా పేరా తీసేసినా నాకు సరిగ్గా ఇంతే మండుతుంది గనక అరిసె కొరుక్కుని ఊరుకుంటాను.

పేపరుకి రచయిత ఆయనొక్కరే. లోపలంతా ‘మేము’ అని రాస్తారు. మేము కొలిచాము, మేము భావించాము. ‘‘ఎవరండీ ఈ మేము?’’ అంటే ‘‘అది సంప్రదాయం’’ అంటారు. ఈ సంప్రదాయం చిక్కుల్లో పెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. అమెరికాలో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ భౌతికశాస్త్రవేత్త జాక్ హెదరింగ్టన్. 1975లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌కి ఒంటరిగా పేపరు రాసి, అంతటా ‘మేము’ అన్నాడు. ఒక్కడివే ఉండి మేము అంటే వాళ్లు వెనక్కి కొడతారని తోటివాడు చెప్పాడు. అవి టైపు మిషను రోజులు, అంతా మళ్లీ టైపు చెయ్యాలి. ఆయన తెలివిగా తన సయామీ పిల్లిని రెండో రచయితగా చేర్చాడు. చెస్టర్ అనే ఆ పిల్లి ఎఫ్.డి.సి. విలర్డ్ అన్న పేరుతో అచ్చయింది. బావగారికి ఈ కథ చెబితే నవ్వలేదు. పిల్లికి ఇనీషియల్స్ మధ్య చుక్కలు పెట్టారా లేదా అని అడిగారు.

ఆయన కూడా నాకొక కథ చెబుతారు. ఐన్‌స్టీన్ అంతటివాడు తన పేపరు ఇతరులకి చూపించారని కోపం తెచ్చుకుని వెనక్కి తీసుకున్నాడట. నిజమే. 1936లో నాథన్ రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలమీద రాసిన పేపరును ఫిజికల్ రివ్యూకి పంపితే, సంపాదకుడు జాన్ టేట్ దాన్ని ఒక సమీక్షకుడికి పంపాడు. అచ్చుకాకముందే వేరేవాళ్లకి చూపడానికి నేను అనుమతి ఇవ్వలేదని ఐన్‌స్టీన్ దాన్ని ఉపసంహరించుకున్నాడు. బావగారు కథ అక్కడ ఆపేస్తారు. ఆ తర్వాతిది నేను చెప్పాలి. ఆ పేపరు గురుత్వ తరంగాలు లేవని తేల్చింది. ఆ సమీక్షకుడు హోవర్డ్ రాబర్ట్‌సన్ అందులో తప్పు పట్టాడు. 1937లో అది వేరే జర్నల్లో అచ్చయ్యేసరికి ఐన్‌స్టీన్ ఆ ముగింపును మార్చుకున్నాడు. ‘‘అదీ, ఆయనే మార్చుకున్నాడు’’ అంటారు బావగారు, సగం మాట పట్టుకుని.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆయన మిషన్ల చేత రాయించరు. 2018 యూజీసీ నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలికలు పది శాతం దాటకూడదన్నాక కొందరు పరిశోధకులు ఇతరుల వాక్యాల్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి, మాట మాటకీ పర్యాయపదం పెట్టించి బయటపడుతున్నారు. పరిశోధకుడు గియోమ్ కబనాక్ బృందం 2021లో ఇలాంటి పేపర్ల గుట్టలే బయటపెట్టింది. ఒకచోట కృత్రిమ మేధ కాస్తా నకిలీ చైతన్యం అయిపోయింది. బావగారి వాక్యాలు ఎంత వంకరైనా ఆయన సొంత వంకర. ఏ సాఫ్ట్‌వేరూ ఆయనలా రాయలేదు.

మొన్న సంక్రాంతికి చూసిన దృశ్యం చెబుతాను. గట్టిగా చదివితే తప్పులు తెలుస్తాయని ఎవరో చెప్పారట. రాత్రి భోజనాలయ్యాక బావగారు కుర్చీ వేసుకుని పేపరు చదవడం మొదలుపెట్టారు. అక్కయ్య కింద చాప వేసుకుని గారెలకి మినుములు బాగుచేస్తోంది. సారాంశం అయింది, పీఠిక అయింది, పద్ధతులయ్యాయి, పట్టికలు కూడా నిలువు గళ్లు, అడ్డ గళ్లతో సహా చదివారు. అక్కయ్య చేటలో రాళ్లేరుతూ వింటూనే ఉంది. బీఎస్సీ చదివింది, ఇంగ్లీషు బాగానే తెలుసు. అంతా అయ్యాక, ‘‘ఏమండీ, ఇంతకీ రైతు ఏ మినుము వేసుకోవాలంటారు?’’ అంది. బావగారు కళ్లజోడు తీశారు. చివరి పేజీ చూశారు. దాని ముందు పేజీ చూశారు. ఆ ముక్క ఎక్కడా లేదు. ఆయనకి తెలుసు గనక రాసేశాననుకున్నారు. సొంతంగా దిద్దుకోవడంలో ఉన్న చిక్కు ఇదే. కళ్లు కాగితం మీద ఉంటాయి, చదివేది బుర్రలో ఉన్నది. కామాలన్నీ కనబడతాయి, లేని వాక్యం కనబడదు.

నిజానికి ఆయనకి ఎడిటర్ ఒకడున్నాడు. కాలేజీ గేటు ఎదురుగా జిరాక్స్ షాపులో డీటీపీ చేసే కుర్రాడు. ఎర్రపెన్ను దిద్దుబాట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేది అతనే. అన్నిసార్లు ఎక్కించి అతనికి పల్లాకు తెగులు కంఠతా వచ్చేసింది. ఒకరోజు మెల్లగా, ‘‘సార్, మూడో పేజీలో ఎకరాకి అన్నారు, ఏడో పేజీలో హెక్టారుకి అన్నారు, అంకె మాత్రం ఒకటేనండి’’ అన్నాడు. ఆ వారం బావగారు జిరాక్స్ షాపు మార్చారు. పై వారం తిరిగొచ్చారు, రెండో షాపువాడు పేజీకి ఐదు రూపాయలెక్కువ అడిగాడని.

చివరికి జర్నల్‌కి పంపారు. సమీక్షకుడి దగ్గర్నుంచి జాబు వచ్చింది. విషయం బాగుంది, భాష మాతృభాషగా ఇంగ్లీషు మాట్లాడేవారి చేత చూపించండి అని. రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు. ‘‘చిన్నప్పటినుంచీ ఇంగ్లీషు మీడియమోయ్ నేను’’ అన్నారు ఫోన్లో, గొంతు కాస్త వణికింది. నాకు జాలేసింది. ప్రొఫెసర్ పదోన్నతికి పది పేపర్లు చూపాలన్న నిబంధన ఒకటి పైనుంచి తరుముతోంది. దాంతో డబ్బు తీసుకుని దిద్దే కంపెనీ ఒకదానికి పంపడానికి సిద్ధపడ్డారు. వాళ్లు మాటకింత అని లెక్కకడతారు. ఈ సంగతి తెలిసిన రాత్రి ఒక అద్భుతం జరిగింది. భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం అంటూ మొదలై, వేదకాలపు మినుము మీదుగా, మాంసకృత్తుల ప్రాశస్త్యం దాకా సాగే మూడు పేజీల పీఠిక తెల్లారేసరికి పావు పేజీ అయింది. గమనించబడినదని చెప్పబడవచ్చునులన్నీ మాయం. తెల్లదోమ తెగులును వ్యాపింపజేస్తుంది, నేను రాసినట్టే. ఇన్నేళ్లు ఉచితంగా చెప్పినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

దిద్దిన ఫైలు వచ్చింది, దాంతో భాష సరిచూశామని ఒక సర్టిఫికెట్టూ వచ్చింది. దిద్దినాయన ఎవరో గానీ మంచి పనివాడు. ఆర్టికిల్స్ సరిచేశాడు, కాలాలు కలిపాడు, రెండో పట్టికలో మొత్తం కుదరలేదని పక్కన ప్రశ్న రాశాడు. పాపం, మినుముని ఇంగ్లీషులో బ్లాక్ గ్రామ్ అంటారని మాత్రం ఆయనకి తెలియదు. గ్రాము అనగానే తూకం అనుకుని, నియమం ప్రకారం పొట్టి అక్షరం వేశాడు. వంద గ్రాముల మినుములు రాసినచోట వంద జీల నల్ల జీ అయింది. లామ్ ఫారం నుంచి వచ్చిన ఎల్‌బీజీ 752 రకం వివరణలో కూడా లామ్ నల్ల జీ అని వచ్చింది.

బావగారి ఆనందం చూడాలి. పదిమందికి ఫోన్ చేశారు. స్టాఫ్ రూమ్‌లో ప్రింటవుట్ అంటించారు. ‘‘చూశావుటోయ్, మినుమంటే తెలియనివాడికి డబ్బిచ్చి దిద్దించుకోవాలట!’’ నిజం చెప్పొద్దూ, ఆ విషయంలో ఆయనది నూటికి నూరుపాళ్లు న్యాయం. పంటని చూడని చెయ్యి పంటమీది పేపరు దిద్దితే ఇలాగే ఉంటుంది. కాకపోతే రెండో పట్టిక ప్రశ్న ఆయన కంటపడలేదు. అది మళ్లీ జిరాక్స్ కుర్రాడే చూపించాడు.

పేపరు అంగీకారమైంది. జర్నల్ నుంచి ప్రూఫు వచ్చింది, నలభై ఎనిమిది గంటల్లో పంపాలని, అచ్చుతప్పులు తప్ప ఏదీ మార్చరాదని షరతు. మా బావగారికి ఇది ఎటువంటి శిక్షో మీరే ఊహించుకోండి. రెండు రాత్రులు కామాలతో కుస్తీ పట్టారు. మొదటి ప్రశ్న, ఇంటిపేరేది, అసలు పేరేది, సరిగానే ఉన్నాయా అన్నది. దాని పక్కన ‘ఓకే’ అని కొట్టి ముందుకు పోయారు. తన పేరులో చూసేదేముంది?

అచ్చయ్యాక చూస్తే ఇంటిపేరు స్థానంలో ‘రావు’ ఉంది. అసలు ఇంటిపేరూ, వాళ్ల తాతగారి పేరు పెట్టుకున్న పేరూ రెండూ కుంచించుకుపోయి పక్కన రెండక్షరాలుగా నిలబడ్డాయి. ఇక ఎవరు ఉదహరించినా ఆంధ్రదేశంలో పరిశోధన చేసిన రావులందరిలో ఈయన ఒక రావు. ‘‘యల్లాప్రగడ సుబ్బారావుగారు ముందుచూపున్న మనిషోయ్’’ అన్నారు దిగులుగా. 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిమీద ఫిస్కేతో కలిసి రాసిన పేపరులో ఆయన సుబ్బనీ రావునీ కలిపి ఒకే మాటగా పెట్టుకున్నారు. ఇంటిపేరు పొట్టి అక్షరమైపోయినా సుబ్బారావు మిగిలాడు, ప్రపంచమంతా ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటోంది.

సవరణ వెయ్యమని కోరుతూ బావగారు ఇప్పుడు జర్నల్‌కి ఉత్తరం రాస్తున్నారు. రెండు వాక్యాల ఉత్తరం. దీపావళికి ఓ కొలిక్కి రావచ్చని అక్కయ్య అంచనా.