వెనక డోరు

యుద్ధం కోసం తయారైన జీపుకు వెనక డోరు ఉండదు. వెనక రేకు ఏకముక్క, దానికి కుడిపక్కగా స్టెప్నీ వేలాడుతుంది. సైనికులకు డోరుతో పనేముంది, పక్కనుంచే దూకేవాళ్లు. 1945లో విల్లీస్ కంపెనీ అదే బండిని రైతులకు అమ్మాలనుకున్నప్పుడు గాని డోరు గుర్తుకు రాలేదు. సీజే-2ఏ అనే ఆ కొత్త జీపుకు కిందికి వాలే డోరు పెట్టి, స్టెప్నీని పక్కకు జరిపారు.

కైకలూరు దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బాబాయికి ఈ చరిత్ర ఏమీ తెలియదు. పాతిక కిలోల మేత బస్తాను ఆ రేకు మీదుగా ఎత్తి లోపల పడేయాలంటే ఇద్దరు మనుషులు కావాలని తెలుసు. ఆ ఇద్దరూ ఒకే రోజు పనిలోకి రారని ఇంకా బాగా తెలుసు.

జీపు తాతయ్య నాటిది. యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకున్న బండ్లలో ఒకటి, నాలుగు చేతులు మారి మా ఇంటికి చేరింది. స్టీరింగు ఎడమవైపు. పెట్రోలు పోయాలంటే డ్రైవరు లేచి నిలబడాలి, ట్యాంకు ఆయన సీటు కిందే మరి. తాతయ్య ఉన్నంతకాలం సంక్రాంతికి ఇంటి తలుపులతోపాటు జీపుకూ కుంచెతో ఎనామిల్ రంగు పడేది. ఏ రంగు మిగిలితే అది. అలా ఎన్ని పొరలు పేరుకున్నాయో గాని, గోటితో గీకితే ఒక్కో పొరా ఒక్కో పండగను గుర్తుచేసేది.

దానికి వెనక డోరు పెట్టించాలని ఒక రోజు బాబాయీ నేనూ బయల్దేరాం. ముదినేపల్లి, గుడివాడ, కంకిపాడు మీదుగా ఆ జీపు వేగంతో విజయవాడ చేరేసరికి ఎండెక్కింది. బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దాటామంటే ఇక బండికి సంబంధించి దొరకనిది ఉండదు. ఒక వీధిలో కమాన్‌కట్టలు, ఇంకో వీధిలో రేడియేటర్లు, మరో చోట లారీ అస్థిపంజరం మీద చెక్కలు బిగిస్తున్న వడ్రంగులు. అక్కడ మనిషికి మాట వినపడదు. సైగతోనే బేరాలు తెగుతాయి.

రేకుల మేస్త్రి జీపు చుట్టూ తిరిగి చూశాడు. కొలత తీయలేదు, టేపు అడగలేదు. "ముందు బండిని మట్టానికి తేవాలి సార్" అని నాలుగు మూలలా జాకీలు పెట్టించి, తొట్టి మీద రసమట్టం ఉంచాడు. ముసలి బండికి ఒకవైపు కమాను కుంగి ఉంటుంది. ఆ ఒరుగులోనే రేకు కోస్తే ఆ క్షణానికి కుదిరినట్టే కనిపిస్తుంది. బండి రోడ్డెక్కి అటూ ఇటూ ఊగగానే సందు వంకరపోయి డోరు పట్టేస్తుంది. ఇంకో సంగతీ చెప్పాడు. వెనక రేకు కేవలం మూత కాదు, తొట్టికి అదే నడుము. దాన్ని మధ్యలో కోసేస్తే రెండు పక్కలూ విచ్చుకుంటాయి. అందుకని కోతకు ముందే అటూ ఇటూ కలిపి ఒక యాంగిల్‌ను అడ్డంగా అతికించాడు. గ్రైండర్ పని అయ్యాక తెరిచిన నోటి అంచు పొడవునా లోపలివైపు మందపాటి చానల్ వేశాక గాని ఆ యాంగిల్‌ను ఊడదీయలేదు.

డోరుకు 16 గేజి రేకు తీసుకున్నాడు. నాలుగు అంచులూ మడత పెట్టించి, మధ్యలో గుణకారం గుర్తులా గాళ్లు నొక్కించాడు. ఆ గాళ్లు అందానికి కాదట, సాదా రేకైతే గతుకుల్లో డప్పులా మోగుతుందట. వెల్డింగ్ కూడా ఏకధాటిగా చేయలేదు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెడుతూ, మధ్యలో తడి గోనె వేసి చల్లారుస్తూ సాగించాడు. ఒకే చోట వేడి తగిలితే పలుచని రేకు అప్పడంలా లేస్తుంది. మూడు మడతబందుల్నీ ఒకే కమ్మీ మీద గుచ్చి, అవి ఒకే గీతలో తిరుగుతున్నాయని తేలాకే అతికించాడు. రెండు పక్కలా గొలుసులు, అవి రంగును గీకకుండా వాటికి పాత సైకిల్ ట్యూబు తొడుగు. డోరు వాల్చి, దాని మీద తానూ కుర్రాడూ ఎక్కి రెండు గంతులు వేసి చూపించాడు. కిర్రుమనలేదు. ఇంజనీరింగు చదివిన నేను నోరెళ్లబెట్టి చూశానంటే అందులో నామోషీ ఏమీ లేదు. ఆటోనగర్‌లో చాలామంది చదువు చేతుల్లో ఉంటుంది.

స్టెప్నీని పక్కకు మార్చారు. ఎడమవైపు రివిట్లతో కొట్టి ఉన్న పాత రేకు నంబరు ప్లేటును కూడా ఊడదీశారు. రంగు గీకుతుంటే దాని కింద అసలు రేకు ఎగుడుదిగుడుగా ఉబ్బి కనిపించింది.

"ఇవి మామూలు సొట్టలు కావు సార్, వంకీలు తిరిగి ఉన్నాయి. లోపలికి కొడితే బయటికి తంతున్నాయి. రేకు మొండిది, వదిలేద్దామా? పైన ప్లేటు వస్తుందిగా" అన్నాడు మేస్త్రి.

"డబ్బులిచ్చి సొట్టలు ఉంచుకుంటామా? అద్దంలా ఉండాలి" అన్నాడు బాబాయి.

కుర్రాడు లోపల ఇనప దిమ్మె ఆనించి పట్టుకున్నాడు. మేస్త్రి బయటనుంచి సుత్తితో ఓ పూటంతా కొట్టాడు. మిగిలిన కాస్త వంపుల్నీ పుట్టీ మింగేసింది. దీనికి విడిగా డబ్బు కావాలన్నాడు. సొట్టకు ఇంత అని బేరం నడిచింది. రొయ్యల కంపెనీల కొనుగోలుదార్లతో ఏళ్ల తరబడి బేరమాడిన బాబాయి ముందు మేస్త్రి ఎంతసేపు నిలబడగలడు. ఆ బేరం కథ తర్వాత ఆరు నెలలపాటు మా చుట్టాల ఇళ్లన్నిటిలో భోజనాల దగ్గర వినిపించింది. మా పిన్నికి నోటికొచ్చేసింది.

ఇక డోరు సంగతి. అది వాలిస్తే బల్ల. దాని మీద బస్తా ఆనించి ఒక్క తోపు తోస్తే లోపలికి పోతుంది. సాయంత్రం చెరువు గట్టు మీద నలుగురు కూర్చుని టీ తాగడానికీ అదే. ఊళ్లో ఇంకో ఇద్దరు తమ జీపుల్ని ఆటోనగర్‌కు తోలుకెళ్లారు.

ఈ శీతాకాలం ఆటపాకకు పెలికాన్ పక్షుల్ని చూడటానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. పాత జీపులు సేకరించడం ఆయనకు పిచ్చి. రోడ్డు మీద మా బండిని చూసి కారు ఆపి, వెంట ఇంటికి వచ్చేశాడు. ముందు జాలీకి తొమ్మిది సందులు లెక్కపెట్టాడు. తెల్ల చొక్కాతోనే బండి కిందికి దూరి టార్చి వేశాడు. బయటికి వచ్చేసరికి మనిషి ముఖం వెలిగిపోతోంది.

"ఇది విల్లీస్ కాదండీ, ఫోర్డు. యుద్ధంలో ఒక్క కంపెనీ వల్ల కాదని అదే నమూనాను ఫోర్డు చేత కూడా చేయించారు. విల్లీస్ వాళ్లు మూడున్నర లక్షలకు పైగా చేస్తే, వీళ్లు రెండున్నర లక్షలు దాటించారు. బోల్టు తలల మీద కూడా ఎఫ్ అక్షరం కొట్టుకునేవాళ్లు. మీ బండికి అవి ఇంకా ఉన్నాయి."

ఛాసిస్ నంబరు రాసుకుని ఎవరికో ఫోన్ చేశాడు. మాట్లాడుతున్నకొద్దీ గొంతు తగ్గిపోయింది.

"1942 మొదట్లోదట. అప్పుడు వెనక రేకుకు ఎడమవైపున తమ పేరు పోత పోసినట్టు ఉబ్బెత్తుగా కొట్టేవాళ్లు. ఆ ఏడాదే సైన్యం కంపెనీ పేర్లు వద్దంది, మానేశారు. ఆ పేరున్న బండ్లు కొద్ది నెలలవే. పేరుంటే గనక మీరు రేటు చెప్పండి, నేను బేరమాడను."

బేరమాడనన్న మనిషిని బాబాయి జీవితంలో మొదటిసారి చూశాడు. ఆయన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్లాడు.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ప్లేటు పైకెత్తి, ఎడమ మూల అంతా అరచేత్తో తడిమాడు. అద్దంలా ఉంది. లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"రేకు మార్చేశారన్నమాట. పోన్లెండి, డోరు మాత్రం చాలా బాగా చేశారు."

బాబాయికి పౌరుషం వచ్చింది. "మార్చడమేంటండీ! డోరొక్కటే కొత్తది. అటూ ఇటూ ఉన్నదంతా అసలు రేకే. నా దగ్గర బిల్లుంది" అంటూ లోపలికి వెళ్లి, బీరువాలోంచి తెచ్చి పైకే చదవడం మొదలుపెట్టాడు.

"డోరు, 16 గేజి రేకుతో. మడతబందులు మూడు. గొలుసులు రెండు. చానలు. రంగు. చూశారా, రేకు మార్చినట్టు ఎక్కడైనా ఉందా? ఎడమవైపు సొట్టలు తీసినందుకు... నాలుగు..."

అక్కడ ఆగిపోయాడు.

"మొదటి సొట్ట పెద్దదాండీ?" అన్నాడు ఆయన మెల్లగా.

బాబాయి కాగితంలోంచి తల ఎత్తలేదు. కాఫీ గ్లాసులతో వసారాలోకి వస్తున్న మా పిన్ని అందుకుంది.

"పెద్దదేనండీ, మిగతా మూడూ చిన్నవి. ఆ చివరిదానికి పైకి తోక ఉందని ఇంకో వంద అడిగాడట మేస్త్రి. ఈయన ఇస్తారా, ఊరికే కొట్టించారు!"