తమరు తీసిన ఫొటోల విషయమై

శ్రీయుత ట్రాఫిక్ విభాగం ఉన్నతాధికారుల దివ్యసముఖమునకు,

హైదరాబాద్‌లో రెండు చక్రాల బండి మీద బతుకుబండి లాగుతున్న ఒక సగటు వాహనదారుడు సవినయంగా విన్నవించుకునేది ఏమనగా –

సదరు వాహనదారుడు తమ దయవల్ల క్షేమం. బండి కూడా క్షేమంగానే తిరుగుతోందని తమరు ఎప్పటికప్పుడు పంపే ఫొటోలను బట్టి ఇంటిల్లిపాదికీ తెలుస్తోంది. పెళ్లి ఆల్బమ్ తర్వాత అతని ఫొటోలు ఎక్కువగా ఉన్నది తమ దగ్గరే. కాకపోతే అన్నీ వీపు వైపు నుంచి తీసినవి.

ఆ ఫొటోలతో పాటు వచ్చే చలాన్‌ను తమరు కూడా ఒకసారి తీరిగ్గా చూడాలని మనవి. పైన చలాన్ నంబరు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ ట్రాఫిక్ స్టేషన్ పరిధిలో, ఏ కూడలిలో. కింద ఉల్లంఘన పేరు, ఎదురుగా జరిమానా. ఆ పక్కనే యూజర్ ఛార్జీలు 35 రూపాయలు. హెల్మెట్ లేదన్న నేరానికి ఈ నగరంలో చాలా ఏళ్లు జరిమానా 100 రూపాయలే ఉండేది. అంటే నేరం ఖరీదు వంద, ఆ కబురు చేరవేసినందుకు కూలి ముప్పై అయిదు. 2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ చట్టం అదే తప్పుకు 1,000 రూపాయలు, మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత అన్నప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆ రేట్ల జోలికి పోలేదు. అందుకు వాహనదారుడు కృతజ్ఞుడే.

అతని గోడు వేరే. డబ్బు కట్టే దారి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ‘అయ్యా, ఇది నాది కాదు’ అని చెప్పుకునే దారి మాత్రం వెతుక్కోవాలి. వెబ్‌సైట్‌లో ఫిర్యాదుకూ ఒక మూల చోటిచ్చారు, కాదనడం లేదు. ఆ మూలకు వెళ్లినవాడు ఎంతకాలానికి తిరిగొస్తాడన్నదే తేలదు.

హనుమంతుడి ముందు కుప్పిగంతులే అయినా చెప్పక తప్పదు. చలాన్ తీర్పు కాదు, ఆరోపణ. డబ్బు కట్టడమంటే మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కింద రాజీ పడటం. దాంతో ఆ కేసు అక్కడితో సరి. కట్టేశాక తీరిగ్గా ‘ఆ బండి నాది కాదండీ’ అంటే వినేదెవరు? అందుకే మెసేజ్ రాగానే ఫోన్‌పే తెరిచే ముందు ఫొటో తెరవాలి.

తెరిస్తే ఒక్కోసారి విచిత్రాలు కనిపిస్తాయి. కరీంనగర్‌లో ఇంటి ముందు వేపచెట్టు కింద నిలబెట్టిన తెల్ల స్కూటీకి కూకట్‌పల్లిలో చలాన్ పడిందనుకుందాం. ఫొటోలో ఉన్నది నల్ల పల్సర్, దాని మీద ముగ్గురు. నంబరు కొట్టేటప్పుడు 3 కాస్తా 8 అయి ఉండొచ్చు. లేదా ఎవడో అదే నంబరుతో దొంగ ప్లేటు చేయించుకుని ఉండొచ్చు. మొదటిదైతే ఆర్సీ నకలు, సొంత బండి ఫొటోలు జతచేసి చలాన్ నంబరుతో అభ్యంతరం పెట్టాలి. రెండోదైతే అంతటితో ఊరుకోకూడదు, పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు దాచుకోవాలి. ఆ దొంగ ప్లేటు రేపు ఏ ప్రమాదంలో కనిపిస్తుందో చెప్పలేం. ఇక్కడే ఒక చిక్కుంది. కూకట్‌పల్లి చలాన్ కోసం కరీంనగర్ మనిషి తిరగాలంటే బస్సు ఛార్జీలు, పోయిన రోజు కూలి కలిపితే జరిమానాను మించిపోతుంది. దాంతో తప్పు చేయనివాడు కూడా ‘పోనీలే’ అని కట్టేస్తాడు. తమ లెక్కల్లో అది నేరం ఒప్పుకోవడం కిందికి వస్తుంది. అతని లెక్కలో పీడ వదిలించుకోవడం.

ఎప్పుడో అమ్మేసిన బండికి వచ్చే చలాన్లది ఇంకో కథ. చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోనే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. మనవాళ్లు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి తాళంచెవి చేతిలో పెట్టి వచ్చేస్తారు. ఆర్సీలో పేరు మారదు. కొన్నవాడి సిగ్నల్ జంపింగ్‌లన్నీ అమ్మినవాడి ఫోన్‌లో మోగుతుంటాయి. ఈ విషయంలో తప్పు తమది కాదు, ఒప్పుకోవాల్సిందే.

ఇక తమ వైపు నియమాలు. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ చేరింది. దేశంలో 132 నగరాలను ఎలక్ట్రానిక్ నిఘా కిందికి తెచ్చిన నిబంధన ఇదే. దాని ప్రకారం కెమెరాకు ధ్రువీకరణ ఉండాలి, దాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి. నిఘా ఉన్న చోట ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి. చలాన్ తేలేదాకా ఆ రికార్డు భద్రపరచాలి. తలకు హెల్మెట్ లేదని వాహనదారుణ్ని అడిగే హక్కు తమకున్నట్టే, కెమెరాకు సర్టిఫికెట్ ఉందా అని అడిగే హక్కు అతనికీ ఉంది. అడిగితే కానిస్టేబుల్ గారు ముందు నవ్వుతారు, తర్వాత కాలుష్య తనిఖీ సర్టిఫికెట్ చూపించమంటారు. అది వేరే సంగతి.

పాత బాకీల గురించి కూడా ఒక మాట. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాన్ని కోర్టు ఆరు నెలల్లోగా విచారణకు స్వీకరించాలని పాత సీఆర్‌పీసీ 468, ఇప్పటి నాగరిక సురక్షా సంహిత 514 చెబుతున్నాయి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉందనుకోండి. కానీ కోర్టుకు పంపకుండా, కొట్టేయకుండా ఏళ్ల తరబడి సర్వర్‌లో మాగబెట్టిన చలాన్‌ను నడిరోడ్డు మీద బండి ఆపి గుర్తుచేయడం ఏ సెక్షన్ కిందికి వస్తుందో సెలవియ్యాలి.

మాగబెట్టాక తమరు చేసేది మరీ చిత్రం. 2022 మార్చిలో ఇచ్చిన రాయితీ ముందు ఆషాఢం సేల్ దిగదుడుపే. ద్విచక్ర వాహనాలకు 75 శాతం మాఫీ, కార్లకు 50. మాస్కు లేదని వేసిన వెయ్యికి వంద కడితే చాలు. మార్చి 31 గడువు ఏప్రిల్ 15 దాకా సాగింది. మళ్లీ 2023 డిసెంబరు 26న రెండో విడత. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60, ఆర్టీసీ బస్సులకు, తోపుడుబండ్లకు 90. తోపుడుబండికీ చలాన్ పడుతుందని చాలామందికి అప్పుడే తెలిసింది. జనవరి 10 గడువు 31కి, అక్కడి నుంచి ఫిబ్రవరి 15కి జరిగింది.

ఈ సంబరంలో నష్టపోయింది చలాన్ రాగానే పూర్తిగా కట్టినవాడే. ఠంచనుగా వెయ్యీ కట్టిన మాస్టారు, పక్కింటి కుర్రాడు అదే తప్పుకు 200తో బయటపడటం చూశాక మరోసారి ఠంచనుగా కడతారా? ఎగవేతదారు అని తమరు పిలిచేవాణ్ని తయారుచేసింది తమ రాయితీయే.

రాయితీ కోసం కాచుకోకుండా తేల్చుకోవాలనుకునేవారికి కోర్టు ఉంది, లోక్ అదాలత్ ఉంది. లోక్ అదాలత్‌లో రాజీకి వీలున్న కేసులే తెగుతాయి, తెగాక అప్పీలు ఉండదు. తాగి నడిపినవాడి తరఫున మాత్రం ఈ లేఖలో ఒక్క ముక్క కూడా లేదు. అతను కోర్టు మెట్లు ఎక్కాల్సిందే, గోషామహల్ ట్రాఫిక్ శిక్షణ కేంద్రంలో కౌన్సెలింగ్ వినాల్సిందే.

ఈ మధ్య వాట్సాప్‌లో చలాన్ పేరుతో ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. నొక్కితే ఖాతా ఖాళీ. తమ ఫొటోలంటే జనానికి ఎంత భయమో మోసగాళ్లకు బాగా అర్థమైంది.

కావున తమరు దయతలచి, ‘కట్టండి’ అనే బటన్ పక్కనే అంతే సైజులో ‘అభ్యంతరం ఉంది’ అనే బటన్ పెట్టించాలి. అది నొక్కినవాడికి ఒక తేదీ ఇవ్వాలి, ఆ తేదీలోగా అవుననో కాదనో రాతపూర్వకంగా చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. చెప్పలేకపోతే చలాన్ తీసేయాలి. కరీంనగర్ మనిషిని కరీంనగర్‌లోనే వినాలి. ఇవన్నీ కుదరకపోతే తదుపరి రాయితీ తేదీ అయినా ముందుగా తెలియజేస్తే, వాహనదారుడు ఆ మేరకు ఇంటి ఖర్చులు సర్దుకుంటాడు.

ఇట్లు
తమ విధేయ వాహనదారుడు

జతపరచినవి: ఆర్సీ నకలు, ఇన్సూరెన్స్ నకలు, పోలీస్ స్టేషన్ రసీదు. డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతుందని 2018లోనే నిబంధన మారింది గనుక ఒరిజినల్స్ జతచేయలేదు.