వీసా మామ

గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో తెల్లవారుజామున బంతిపూల ధర అడిగితే వీసా మామ తడుముకుంటాడు. గ్రీన్‌కార్డు క్యూ ఏ తేదీ దాకా కదిలిందో అడగండి, చామంతి బస్తా మీంచి లేవకుండానే చెప్పేస్తాడు. జాంబాగ్ నుంచి మార్కెట్‌తో పాటు ఇక్కడికి తరలివచ్చిన కమీషన్ వ్యాపారి. పాస్‌పోర్టు ఉంది, అందులో ఒక్క ముద్రా లేదు. అమెరికావాళ్లు నెలనెలా వేసే వీసా బులెటినే ఆయనకు పంచాంగం.

"మా తమ్ముడు సిటిజన్ అయిండు మామా, నన్ను పిలిపిస్తడట."

"కన్నోళ్లకైతే లైన్ లేదు. తోడబుట్టినోళ్లది ఎఫ్4. ఏ దేశానికైనా ఏడాదికి నూటికి 7 వీసాలే. 2025 ఆఖర్ల గూడ మనోళ్లల్ల 2006ల అర్జీ పెట్టినోళ్లకే పిలుపు. పిటిషన్ పరిశీలనల ఉన్న రోజులు తీసేసినంక గూడ 21 ఏండ్లు దాటితే, పిల్లలు ఫైల్లకెల్లి జారిపోతరు."

మోకిల దిక్కు భూమి అమ్ముకున్న పెద్దమనిషికి లైన్లంటే గిట్టదు. "పైసలు కట్టి తెచ్చుకుందాం" అన్నాడు.

"అది ఈబీ5. పల్లెల్లనో, కొలువులు తక్కువున్న కాడనో పెడితే 8 లక్షల డాలర్లు. లేకుంటే పదిన్నర లక్షలు. అక్కడ పదిమందికి పని చూపియ్యాలె. ముందుగాల వచ్చేది రెండేండ్ల షరతు కార్డు."

"కడతా!"

"ఆ పైసలు ఎట్లొచ్చినయో కాగితాలు గూడ పెట్టాలె."

పెద్దమనిషి కాసేపు గులాబీల వంక చూశాడు. "రిజిస్ట్రేషన్ల రాసినయేనా, మొత్తానికా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఆ పూట నాలుగు మూరల మల్లెలు మాత్రం కొనుక్కుని వెళ్లాడు.

నానక్‌రామ్‌గూడ కాన్సులేటులో ఇంటర్వ్యూ ఉన్న పిల్లలను మామ చిలుకూరు తోలుతాడు. "పక్కనే మన ఝాంసింగ్ బాలాజీ ఉండగా అంత దూరమెందుకు?" అంటే, "వీసాలు ఈయన పరిధిల లేవు" అని తేల్చేస్తాడు. "చిలుకూర్ల ముందు 11 ప్రదక్షిణలే, పనైనంకనే 108. కాన్సులేటోళ్లు ఫీజంతా ముందుగాలనే గుంజుతరు, రిజెక్టయినా తిరిగియ్యరు. న్యాయం ఎవరిదో నువ్వే చెప్పు!"

మామ సొంత ఫైలు సంగతి అత్తమ్మ చెప్పింది. ఆమె తమ్ముడు అక్కడినుంచి అర్జీ పెట్టింది 2008లో. అప్పుడు ఒకటో తరగతి చదివే కొడుకు ఇప్పుడు స్టూడెంట్ వీసా మీద తనంత తానే డల్లాస్ చేరాడు. వాడు ఎదురొచ్చి తీసుకుపోవాల్సిన మామ ఇంకా చామంతి బస్తా మీదే ఉన్నాడు.

ఆనాడు కొన్న పెద్ద సూట్‌కేసులో ఇప్పుడు ఉద్దెర ఖాతా పుస్తకాలున్నాయి. నేను దానివంక చూస్తుంటే మామ పూల మీద నీళ్లు చల్లుతూ అన్నాడు:

"రెండూ రావాల్సిన బాకీలే తమ్మీ."