ముందుచూపు అంకుల్

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించదు, బోర్డులు కనిపిస్తాయి. జావా, పైథాన్, స్పోకెన్ ఇంగ్లీషు, షేర్ మార్కెట్. ఒక్క విద్యకే ఇంకా బోర్డు పడలేదు: దసరా సరుకులు శ్రావణంలోనే కొనిపారెయ్యడం. దానికి మా మూడో అంతస్తు అంకుల్ ఉన్నారు. లిఫ్టులో దొరికితే చాలు, ఫ్రీ డెమో ఇచ్చేస్తారు.

ఇలాంటి అంకుల్ మీ అపార్టుమెంటులోనూ ఒకరుండే ఉంటారు. మడతపెట్టిన గుడ్డసంచి ఒక జేబులో, చీటీ ఇంకో జేబులో. కొత్త క్యాలెండరు చేతికొస్తే మనం పండగలు ఆదివారం పడి సెలవు పోయిందా అని చూసుకుంటాం. ఆయన ప్రతి పండగ నుంచీ నలభై ఐదు రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ తేదీకి ఎర్రసిరాతో సున్నా చుడతారు. అసలు పండగ ఆయనకు ఆ సున్నా దగ్గరే. "పండగ మనకి ఒక్కరోజు, కొట్టువాడికి నెల" అన్నది ఆయన సిద్ధాంతం.

నిజం చెప్పాలంటే సిద్ధాంతంలో తప్పు పట్టడానికేం లేదు. వినాయక చవితి, బతుకమ్మ, దసరా, దీపావళి ఊపిరి తిప్పుకోనివ్వకుండా వచ్చిపడతాయి. పెన్షన్ మాత్రం నెలకోసారే వస్తుంది. నెయ్యి ఈ నెల, పప్పులు వచ్చే నెల అని సర్దుకునే ఇల్లాళ్ల వల్లే సగం హైదరాబాద్ పిండివంటలు తింటోంది. అంకుల్‌తో వచ్చిన చిక్కల్లా ఆయన సర్దుకోరు, నింపుతారు.

సున్నా చుట్టిన రోజు అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగడం, అక్కణ్నుంచి బేగంబజార్‌కు నడక. ఆంటీని బస్సులో రమ్మంటారు. ఈ ఏర్పాటు 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తోంది. ఆ రోజునే ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ తీసేశారు. "నీకు ఖర్చు లేదు, నాకు రెండు చేతులు కలిసొస్తాయి" అంటారు. ఆడవాళ్ల ఉచిత ప్రయాణాన్ని ఇంత సూటిగా అర్థం చేసుకున్న మగవాణ్ని నేను ఇంకొకరిని చూడలేదు.

కొట్టులో ఆయన్ని చూడాలి. గోనెసంచిలో పైనున్న కందిపప్పును ఆయన ఛస్తే నమ్మరు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా సంచిలోకి దించి, అడుగునుంచి గుప్పెడు లాగుతారు. ఊదుతారు. రెండు బద్దలు పంటికింద వేసి, కళ్లు మూసుకుని వింటారు. టక్కుమంటే ఎండిన సరుకు, మెత్తగా నలిగితే చెమ్మ. ఆ తర్వాత అరచేతికి రంగు అంటిందేమోనని వెలుతురులో తిప్పి చూసుకుంటారు. ఇదంతా అయ్యాక "ఇంకో సంచి విప్పు" అంటారు.

"షాదీ హై క్యా సాబ్?" అని సేఠ్ అడుగుతాడు.

"నహీ, దసరా."

"దసరా? అభీ?"

ఆ ‘అభీ’ చెవినపడాలనే ఆయన అంతదూరం వెళ్తారని నా అనుమానం.

సరుకు ఇంటికొచ్చాక ఇల్లు గోడౌన్. రెండు పడగ్గదుల ఫ్లాటులో మంచాల కింద డబ్బాలు, వాషింగ్ మెషీన్ మీద డబ్బాలు. కందిపప్పుకు ఆముదం పట్టించడం, రవ్వ వేయించి ఆరబెట్టడం, బియ్యంలో ఎండిన వేపాకు వెయ్యడం, పంచదారలో లవంగాలు పడెయ్యడం, అన్నీ ఆంటీ పనులు. డబ్బాకు ‘దసరా – ముట్టరాదు’ అని చీటీ అంటించడం అంకుల్ పని. వంటింట్లో ఉన్నది కరెంటు ఖాతా, మంచం కింద ఉన్నది ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటారు. వంటింట్లో పప్పు నిండుకున్న రోజున కూడా డిపాజిట్ విరగ్గొట్టనివ్వరు. పదిహేను కిలోల పప్పు మీద పడుకుని, పచ్చిపులుసుతో సరిపెట్టుకుని లేచిన రాత్రులు ఆ ఇంట్లో ఉన్నాయి.

ఆంటీది తాండూరు. అక్కడి కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆమె వాదన ఒక్కటే. "మా దిక్కు కంది సంక్రాంతి అటూఇటూ కోతకొస్తది. అప్పుడు కొంటే కొత్తపప్పు, ధర తక్కువ. మీరు శ్రావణంల కొనుడేందండీ, అందరి ఇండ్లల్ల అయిపోయేటప్పుడు?" బెల్లమూ అంతే. చలికాలంలో కొత్తది దిగుతుంది. వానాకాలంలో కొన్నది డబ్బాలోనే చెమ్మగిల్లి నీరుకారుతుంది, చీమలకు ముందే పండగొస్తుంది. మన పెద్దవాళ్లూ ఏడాదికి సరిపడా నిల్వ చేశారు. కాకపోతే పంటను చూసి చేశారు, చింతపండుకో నెల, మిరపకాయలకో నెల. మా అంకుల్ క్యాలెండరును చూసి చేస్తారు. ఈ తేడా ఆయనకు చెప్పినవాళ్లు మళ్లీ లిఫ్టులో ఎక్కలేదు, మెట్లెక్కారు.

అయితే 2024లో ఆయనకో మహర్దశ పట్టింది. వినాయక చవితి మర్నాడే రెండు పదిహేను కిలోల నూనె డబ్బాలు దించారు. వారం తిరక్కుండా, సెప్టెంబర్ 14 నుంచి కేంద్రం వంటనూనెల దిగుమతి సుంకం పెంచేసింది. ముడి నూనెల మీద అసలు లేని ప్రాథమిక సుంకం 20 శాతమైంది, శుద్ధి చేసినవాటి మీద పన్నెండున్నర కాస్తా ముప్పై రెండున్నరకు ఎగిరింది. దసరాకింకా నాలుగు వారాలుంది. అంకుల్ పేపరు పట్టుకుని అయిదంతస్తులూ తిరిగారు. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో ఉండే వియ్యంకుడుగారికి ఫోన్ చేసి, "బావగారూ, నూనె ఏపాటి ఉంది?" అని పరామర్శించారు. ఆ వియ్యంకుడుగారు పండగ ముందురోజు సాయంత్రం సంచి భుజాన వేసుకుని కొట్టుకెళ్లే రకం. పాపం, ఆ ఏడు గారెలు లెక్కపెట్టి వండుకున్నారు.

2025లో బావగారి వంతొచ్చింది. అంకుల్ శ్రావణంలోనే నెయ్యి డబ్బాలు, బాదం, పిస్తా నింపేశారు. సెప్టెంబర్ 22న, సరిగ్గా నవరాత్రుల మొదటిరోజున, కొత్త జీఎస్టీ రేట్లొచ్చాయి. నెయ్యికీ బాదానికీ పిస్తాకూ 12 శాతం ఉన్నది 5 అయింది. అంటే అంకుల్ 112 రూపాయలు పోసి మంచం కిందికి తోసిన సరుకు, బావగారికి 105కే. పొద్దున తొమ్మిదికల్లా పంజాగుట్ట నుంచి ఫోన్. "బావగారూ, నెయ్యి ఏపాటి ఉంది?"

ఆ వేళ ఆయన లిఫ్టు ఎక్కలేదు.

మర్నాడు ఎక్కారు, మొహం వెలిగిపోతోంది. కింద షేర్ మార్కెట్ కోచింగ్‌కు వచ్చే కుర్రాడెవరో జ్ఞానోపదేశం చేశాడట. ఎక్కువ ధరకు కొన్నది పడిపోతే, పడిన ధరలో ఇంకాస్త కొనాలట, అప్పుడు సగటు తగ్గుతుందట. సాయంత్రానికి అంతే నెయ్యి మళ్లీ దిగింది. "ఇప్పుడు నాకు పడింది 112 కాదు, నూటెనిమిదిన్నర" అని బావగారికి చెప్పేశారు. ఆంటీ ఏమీ అనలేదు. చెంగు నడుముకు దోపి, మంచం ఇంకో ఇటుక ఎత్తు లేపడానికి ఒక పక్క పట్టుకున్నారు.

దసరా వెళ్లాక ఒళ్లు బరువుగా ఉందంటే అంకుల్‌ను పంజాగుట్టలో డాక్టరుగారికి చూపించారు. ఆయన రిపోర్టులు చూసి కళ్లజోడు తీసి, నెయ్యి, తీపి పూర్తిగా మానెయ్యాలన్నారు. అంకుల్ జేబులోంచి చీటీ తీసి, డబ్బా మీది గడువు తేదీ చూసుకుని అడిగారు.

"మే నెల తర్వాత మొదలుపెట్టొచ్చాండీ?"