సండూరు ఇనుము

మా రోజుల్లో బళ్ళారి దాటినాక కూడా రోడ్డు రోడ్డు రంగులోనే ఉండేది. ఇప్పుడు తోరణగల్లు ఇంకా రాకముందే తారు ఎర్రబడుతుంది, పక్కనున్న వేపచెట్లు ఎర్రబడతాయి, టీకొట్టు పైరేకు ఎర్రబడుతుంది, గ్లాసులు కడిగిన నీళ్లు సైతం ఎర్రగానే ఉంటాయి. మనవడు కారు అద్దాలు పైకెక్కించి ఏసీ పెట్టినాడు. "దుమ్ము తాతా" అన్నాడు. దుమ్ము కాదురా, అది సండూరు కొండ. లారీలెక్కి పోతా పోతా దోవలో కొంచెం రాలుతోంది.

వానలకు కొండలు పచ్చబడినాయి, ఫోటోలు బాగొస్తాయి అని బయల్దేరదీసింది వాడే. పొద్దున ఆదోనిలో ఎక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చంట. ఊరు చూడ్డానికి పోతా తిరుగుదారి లెక్కలేసుకోవడమేందో నాకు అర్థం కాదు. మేం పోయిన కాలంలో గుంతకల్లులో దిగి, మీటరుగేజీ బండి కోసం ప్లాట్‌ఫారం మీద పడుకుని, కంట్లో బొగ్గు నలుసులు పడుతుంటే తువ్వాల అడ్డం పెట్టుకుని పోయేవాళ్లం. తోరణగల్లులో దిగినాక బస్సు వస్తే బస్సు, లేకుంటే ఎవరిదో ఎద్దులబండి.

అసలు సండూరు మాకు పరాయి ఊరు కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్ళారి జిల్లావే. కోర్టుకైనా కచేరికైనా మా పెద్దోళ్లు బళ్ళారికే పోయేవాళ్లు. తర్వాత మమ్మల్ని కర్నూలుకు కలిపినారు, రాయదుర్గాన్ని అనంతపురానికిచ్చినారు, బళ్ళారి మైసూరుకు పోయింది. ఇప్పటి పిల్లలకు ఇది చెబితే "బళ్ళారి కర్ణాటక కదా తాతా" అని నాకే పాఠం చెబుతారు. సండూరైతే 1949 దాకా ఘోర్పడే రాజుల సొంత సంస్థానం. చిన్న సంస్థానమే, రాజు మాత్రం చిన్నోడు కాదు. 1932లోనే కుమారస్వామి గుడి తలుపులు హరిజనులకు తెరిపించినాడు. 1934లో గాంధీగారు వచ్చి మెచ్చుకున్నారు. సెప్టెంబరులో సండూరు చూడండి అని ఆయనే అన్నారని ఆ ఊరోళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. మా మనవడు ఫోన్లో చదివి ఎగిరింది ఆ మాటకే. గాంధీగారు చూసిన కొండలు ఇవే అనుకుంటున్నాడు పిచ్చోడు.

మాది కమ్మరిల్లు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ పల్లె. నా చిన్నతనమంతా తిత్తులు ఊదడంలోనే గడిచింది. తొలకరికి ముందు మా కొలిమి కాడ జనం చూడాల. కర్రు సరిపించుకోవాలని ఒకడు, గుంటకకు పదును పెట్టమని ఒకడు, కొడవలికి కక్కు కొట్టమని ఇంకొకడు. రూపాయి అడిగేవాళ్లం కాదు, కల్లంకాడ రైతులే మాకు మేర గింజలు కొలిచేవాళ్లు. పంట పండని ఏడు మాకూ గంజే, రైతుకూ గంజే, అది వేరే సంగతి.

అన్నిటికంటే చూడాల్సింది బండి చక్రానికి పట్టా ఎక్కించడం. చక్రం కంటే కొంచెం చిన్నదిగా పట్టాను వంచి అతుకుతారు. నేల మీద గుండ్రంగా పిడకలు పేర్చి, నడుమ పట్టా పెట్టి, పైన మళ్లీ పిడకలు కప్పి నిప్పు పెడతారు. ఎర్రగా కాగిన ఇనుము సాగుతుంది. అప్పుడు నలుగురు పటకార్లతో ఎత్తి చక్రం మీద కూర్చోబెట్టి, కొయ్య అంటుకుని మంట లేచేలోపల సమ్మెటలతో దించాల. వెంటనే కడవలకు కడవలు నీళ్లు పోయాల. ఇనుము బిగుసుకుంటా ఉంటే చక్రం ఆకులన్నీ టకటకమని నడిమి కుండలోకి దిగే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు సరిగా రాకుంటే మా నాయన చక్రం రైతుకు ఇచ్చేవాడు కాదు. పట్టా ఊడబెరికి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇప్పుడు టైరు పంక్చరైతే గాలి కొట్టేవాడు ఫోన్లో మాట్లాడుకుంటానే కొడతాడు.

సుగ్గి అయినాక మా నాయన కుమారస్వామికి మొక్కు తీర్చను మమ్మల్ని సండూరుకు పిలుచుకుపోయేవాడు. ఆ కొండకు పురాణంలో లోహాచలమని పేరుంది. కమ్మరోడికి ఇంకే కొండ కావాల! స్వామి అలిగి కైలాసం నుంచి ఇక్కడికి వచ్చేసినాడని కథ. ఆడోళ్లు గర్భగుడి వైపు పోగూడదని అప్పట్లో కట్టుబాటు. మా అవ్వ పక్కనున్న పార్వతమ్మ గుడిలో కూర్చుని "కొడుకు అలిగితే శిక్ష మాకా" అని సణిగేది. సణగడం నాకు ఎవరి నుంచి వచ్చిందో తెలిసిందా?

కొండ కింద గట్టు మీద మా నాయన ఒక నల్లటి ముక్క ఎత్తి నా చేతిలో పెట్టినాడు. బుడగలు బుడగలుగా ఉంది, రాయి కంటే బరువు, ఇనుము కంటే తేలిక. చిట్టెం. "మన ముత్తాతల నాటి కొలుముల కసువు ఇది" అన్నాడు. రొమ్మెత్తు మట్టి కొలిమి కట్టి, ఒక వరస కట్టెబొగ్గు, ఒక వరస రాయి పోసి, మేకతోలు తిత్తులతో పొద్దుగూకేదాకా ఊదేవాళ్లంట. ఆ వేడికి ఇనుము నీళ్లలాగా కరగదు, మెత్తటి ముద్దగా అడుగున చేరుతుంది. కొలిమి ముందు గోడ పగలగొట్టి ముద్దను లాగి, చిట్టెమంతా కారిపోయేదాకా సమ్మెటలతో సాగగొట్టాల. ఇంత చేస్తే చేతికొచ్చేది ఒక మనిషి మోసేంత ఇనుము. హోస్పేట పక్కన జంబునాథకొండ ఇనుమును ఎద్దుల మీద కమలాపురానికి తోలుకుపోయి, చెరకురసం కాచే పెద్ద పెద్ద పెనాలు చేసేవాళ్లు. ఫ్రాన్సిస్ దొర 1904లో రాసిన బళ్ళారి జిల్లా గెజిటీరులో ఆ పెనాల ముచ్చట ఉంది. అప్పటికే విలాయతి ఇనుము చవగ్గా దిగి, ఇక్కడి కొలుములు ఆరిపోయినాయి. మా నాయన వాడింది కూడా రైల్లో వచ్చిన ఇనుమే. కొండ కళ్లెదురుగా ఉండగా ఇనుము ఓడెక్కి రావడమేందని ఆయన సణిగేవాడు. అంటే సణుగుడు నాకు మగోళ్ల వైపు నుంచి కూడా వచ్చింది.

బొగ్గు కోసం ఆ కాలపోళ్లు అడవి నరకలేదా అని మనవడు అడిగినాడు. నరికినారు. కొండను మాత్రం నరకలేదు.

ఇప్పుడు జరుగుతున్నది కొండను నరకడమే. చైనావాళ్లు రాయి కొంటారని తెలిసినాక, 2000 తర్వాత ఆ చుట్టుపక్కల తవ్విన తవ్వుడు ఎవరికి తెలియదు? పొలాల్లో ఎర్రమన్ను ఉన్న ప్రతివాడూ పార తీసినాడు. అక్రమ తవ్వకాల మీద లోకాయుక్త నివేదిక వచ్చి, 2011 జులై 29న సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలే ఆపేసింది. 2013లో మళ్లీ ఒప్పుకుంటా, ఆ జిల్లాకు ఏడాదికి రెండున్నర కోట్ల టన్నులు అని హద్దు పెట్టింది. రెండున్నర కోట్ల టన్నులు హద్దంట! తర్వాత దాన్ని ఇంకా పెంచినారు. ఒక మనిషి మోసేంత ఇనుము కోసం పొద్దంతా ఊదిన మా ముత్తాతలకు ఈ లెక్క చెబితే నన్ను దయ్యం పట్టిందనుకుంటారు.

ఉక్కు ఫ్యాక్టరీ రావొద్దని నేను అనడంలేదు. రావాలనే మా తరం కాచుకుంది. 1971లో ఇందిరమ్మ తోరణగల్లు కాడ శంకుస్థాపన చేసినప్పుడు మా పల్లె కుర్రోళ్లకంతా అక్కడ పనులు దొరుకుతాయనుకున్నాం. ఆ రాయి రాయిలాగే ఉండిపోయింది. ఇరవై ఏండ్లు దాటినాక జిందాలోళ్లు వచ్చి కట్టినారు. దేశంలోనే పెద్ద కార్ఖానాల్లో అదొకటి, బాగుంది. అయినా అన్ని లారీలూ ఆ గేటు వైపే పోతున్నాయా? ఓడల కోసం రేవులకు పోయిన రాయి ఎంత! మా నాయన కాలంలో ఇనుము ఓడెక్కి వచ్చేది, నా కాలంలో రాయి ఓడెక్కి పోయింది. నడుమ ఎవరి కొలిమీ వెలగలేదు.

సండూరు లోయ మాత్రం ఇంకా బాగుంది, అబద్ధమెందుకు. నారిహళ్ల వాగు కొండల్ని రెండు చోట్ల కోసుకుని పోతుంది. తూర్పున భీమగండి, పడమట ఓబళగండి. తెల్లోళ్లు బళ్ళారి ఎండకు తాళలేక పైన రామనదుర్గంలో బంగళాలు కట్టుకున్నది ఊరికే కాదు. మనవడు ఒక మలుపు కాడ దిగి, పచ్చటి వైపు తిరిగి ఫోటోలు తీసినాడు. వెనక్కి తిరిగితే మెట్లు మెట్లుగా చెక్కిన ఎర్రకొండ ఉంది. అటు తియ్యలేదు. హోటల్లో మండక్కి ఒగ్గరణె, మిరపకాయ బజ్జీ తెప్పించి "కొత్త ఐటం తాతా" అన్నాడు. అది మన ఉగ్గానే. ఆదోనిలో పుట్టి దాన్ని గుర్తుపట్టనోడికి కొండ గురించి ఏం చెప్పాల!

మా కాలంలో ఇనుమునైనా చప్పుడుతో గుర్తుపట్టేవాళ్లు ఉండేవాళ్లు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు మేం బండినిండా సామాను వేసుకుని పోయేవాళ్లం. ఎద్దులు కొన్నవాళ్లు మా కాడికొచ్చి కర్రులు, గొడ్డళ్లు, గడ్డపారలు మోగించి చూసి కొనేవాళ్లు. వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లు, పగులుంటే చప్పుడు చెబుతుంది. ఇప్పుడు కొడవలి కూడా ప్లాస్టిక్ కవర్లో వస్తోంది. మోగించనీరు, విప్పితే కొనాలంట.

తిరుగుదారిలో హోస్పేట మీదుగా డ్యాం చూపించినాడు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, దిగువ కాలువ కింద మా ఆదోని, ఎమ్మిగనూరు రైతులు నిద్రపోలేదు. దేశమంతా గేట్లు చేసిచ్చిన తుంగభద్ర స్టీల్ ప్రాడక్ట్స్ ఆ డ్యాం పక్కనే ఉండేది. దాన్ని అంతకుముందే మూసేసినారు. అప్పటికప్పుడు ఉక్కు పలకలు చేయించి, పారే నీళ్లలోనే దించి ఆపినారు. దగ్గరుండి దించించింది కన్నయ్యనాయుడు, ఎప్పుడో రిటైరైన ఇంజనీరు. చూసినావా, ఇనుముతో చిక్కొస్తే ముసలోణ్ణే పిలవాల్సొచ్చింది అని మనవడికి చెప్పినాను.

"ఆయన సణగలేదు తాతా, పని చేసి చూపించినాడు" అన్నాడు.

కొలిమి ఉంటే నేనూ చూపించేవాణ్ణి. మా పల్లెలో ఇప్పుడు గొడ్డలికి పదును పెట్టించాలంటే ఎమ్మిగనూరు దాకా పోవాల. పోతే వాడు రాపిడి మిషన్ మీద రెండు సార్లు రుద్ది, గొడ్డలికి పట్టిన నీరంతా దిగ్గొట్టి, యాభై రూపాయలు ఫోన్లో వేయమంటాడు.