బాత్ మామ

విమానమెక్కి దిగినవాళ్లు మా బంధువుల్లో చాలామందే ఉన్నారు. ఎక్కి ఇంకా దిగనివాడు మా మామ ఒక్కడే. కొడుకు పిలిస్తే అత్తను వెంటబెట్టుకొని ఇంగ్లండు పోయి, వేడినీటి ఊట మీద రోమన్లు కట్టిన స్నానాల తొట్టి ఉన్న బాత్ నగరంలో రెండు రాత్రులుండి వచ్చినాడు. అప్పటినుంచి ప్రొద్దుటూరుకు ఏ చుట్టం వచ్చినా గండికోటకు తీసకపోయే బాధ్యత ఆయనదే. చూపించేది మాత్రం బాత్.

జమ్మలమడుగు దాటేదాకా ఓపిక పడతాడు. మాధవరాయుని గుడి గోపురం కింద నిలబడితే బాత్‌లో టికెట్టు రేటు చెబుతాడు, రూపాయల్లోకి మార్చి మరీ. జుమ్మా మసీదు, ధాన్యాగారం ఒకే ఊపిరిలో అయిపోతాయి. లోయ అంచుకొస్తే కింద పెన్న, రెండువైపులా పొరలు పొరలుగా ఎర్రబండలు. చుట్టాల తెరిచిన నోళ్లు ఇంకా మూతపడవు, మామ అందుకుంటాడు.

"46 డిగ్రీలప్పా ఆ నీళ్లు! పొయ్యి లేదు, కట్టె లేదు. రోజుకు పదకొండు లక్షల లీటర్లపైన భూమిలోంచి తన్నుకొస్తాయి."

"మే నెలలో మా మిద్దెమీది సింటెక్సులో కూడా అంతే కాగుతాయి మామా" అన్నాడు కర్నూలు బావమరిది కొడుకు.

మామ ఆ పిల్లోణ్ణి లెక్క చెయ్యలేదు.

కత్తుల కోనేరు కాడ ఎవరో అడిగినారు: "ఇంతకీ మునిగినావా?"

మామ కళ్లద్దాలు తుడుచుకుంటుంటే అత్తే అందుకుంది. "యాడ మునిగేది? రోమన్ల తొట్లో వేలు కూడా పెట్టనీరు. కొత్త స్నానాలశాల వేరే ఉండాది. ఆడామగా ఒకే నీళ్లలో, అదీ నిక్కరుతో అనేసరికి, లుంగీ లేందే దిగనని ఈయప్ప గట్టునే కూచున్నాడు."

మామను ఒక్కణ్ణే అనుకొని ఏం లాభం? 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వర్తకుడు మీర్ జుమ్లాను వెతుక్కుంటూ ఇదే గండికోటకొచ్చి, చూసిందంతా పుస్తకంలో రాసుకున్నాడు. తిరిగిపోయినాక అక్కడి బంధువులను ఎంత వాయించినాడో!

అత్తకు మాత్రం బాత్‌లో నచ్చినవి సీసపు రేకులు. రోమన్ల కాలంలో స్నానానికి దిగినవాళ్ల గుడ్డలు గట్టుమీద మాయమైతే, ఎత్తుకపోయినోణ్ణి పట్టమని రేకుమీద అర్జీ గీకి, దేవత ఊటలో పడేసేవాళ్లు. అట్లాంటివి 130 దాకా దొరికినాయి. "చూసినావా, వాళ్లకూ ఇదే బాధ!" అని ఆమెకు ఎంత సంబరమో.

అందుకే మహానంది పోయినప్పుడు మామను కోనేట్లోకి తోలి, అత్త గట్టున గుడ్డలకు కాపలా కూచుంటుంది. అడుగున సూది పడినా కనబడే ఆ నీళ్లలో మామ గొంతుదాకా మునిగి, పక్కన మునిగేవాళ్లకు బాత్ గురించి చెబుతుంటాడు.